సున్నితం బిగించిన బోల్టు

పంతొమ్మిదేళ్ళుగా నన్నొక సందేహం పట్టుకుని వదలటం లేదు. సరిగ్గా బిగించిన బోల్టు, బిగించని బోల్టు చేసే చెడు ఎందుకు చేసింది? పొద్దున్నే దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే దేవుడు కనపడాలి కదా, నాకు చాలా రోజులు ఆ బోల్టు కనపడేది. దేవుడికి కోపం వస్తుందేమోనని కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకునేవాణ్ణి. మళ్ళీ అదే కనపడేది.

ఆ బోల్టు ఏమిటో ముందు చెప్పాలి. ఇంజను బలాన్ని కారు ముందు చక్రానికి అందించే ఇనుప కడ్డీని డ్రైవ్ షాఫ్ట్ అంటాం. దాని కొస చక్రం నడుమ ఉన్న రంధ్రంలోకి దూరుతుంది. అక్కడ దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, బొటనవేలంత లావుది. విప్పాలంటే స్పానరుకు మనిషి ఎత్తు గొట్టం తగిలించి, కాళ్ళు తన్నిపట్టి లాగాలి. బండి జాకీ మీద ఉండగా అలా లాగితే బండే మన మీదికి వస్తుంది. అందుకని చక్రాలు నేల మీద ఉండగానే ముందు దాని పట్టు వదిలించాలి. ఇంతవరకు నాకు తెలుసు. ఇంతే తెలుసునని మొన్నటిదాకా తెలియలేదు.

అప్పట్లో నేను ఒక మేస్త్రీ దగ్గర పనిచేసేవాణ్ణి. ఆయన పోయి ఆరేళ్ళయింది కాబట్టి ఇప్పుడు ఏదీ అడగటానికి లేదు. ఆయన షెడ్డులో ఒక నియమం ఉండేది. మనిషి లేని చోట బండి గాల్లో ఉండకూడదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తున్నా సరే, చక్రం తిరిగి తగిలించి, జాకీ దించి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి వెళ్ళాలి. ఒకప్పుడు ఖాళీ షెడ్డులోకి దూరిన కుక్కను తోలటానికి పక్కింటి పెద్దాయన వచ్చి జాకీని తన్నుకున్నాడట. బండి ఆయన పాదం మీద కూర్చుంది. ఆ పెద్దాయన తర్వాత ఎన్నాళ్ళో కుంటుకుంటూ షెడ్డు ముందు నుంచే వెళ్ళేవాడు. మేస్త్రీ ప్రతిసారీ లేచి నిలబడేవాడు.

నియమాలు పాటించటంలో నన్ను మించినవాడు లేడని బండ్లు దించే పని నాకు అప్పగించాడు. నన్ను అక్కడ అందరూ ‘భక్తుడు’ అనేవారు. మెచ్చుకుని కాదు.

నాతోపాటు ఇంకొకతను ఉండేవాడు. అతనికి ‘సున్నితం’ అని పేరు పెట్టింది మేస్త్రీయే. కారు తలుపు వేసినా చప్పుడయ్యేది కాదు. తుప్పు పట్టిన నట్టును సుత్తితో కొట్టకుండా నూనె వేసి, పక్కన కూర్చుని, అది మనసు మార్చుకునేదాకా ఎదురుచూసేవాడు. “బోల్టు విప్పుతున్నావా, దానికి జోల పాడుతున్నావా?” అని మేస్త్రీ కేకలేసేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. అతనూ నవ్వేవాడు.

ఒకరోజు అతను ఒక కారుకు షాఫ్టు మీది రబ్బరు తొడుగు మార్చాడు. షాఫ్టు లోపలికి తోసి, కొత్త బోల్టును చేత్తో తిప్పి వదిలాడు. భోజనాలయ్యాక నేను లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకున్నాను. అతను కొలత రెంచితో బిగించాడు. చెప్పినంత బిగువు రాగానే ఆ రెంచి టిక్కుమంటుంది. టిక్కుమంది, నేను విన్నాను. తర్వాత బండి దించి, గొట్టం తగిలించి ఇంకో అరచుట్టు లాగాడు. అదీ చూశాను. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ అరచుట్టుకి పళ్ళు బిగబట్టాడు.

ఇరవై రోజులకు ఆ కారు గుయ్ మంటూ తిరిగి వచ్చింది. చక్రాన్ని సాఫీగా తిరగనిచ్చే లోపలి బేరింగు పాడైపోయింది.

“వదులుగా బిగించావు,” అన్నాడు మేస్త్రీ.

“లేదు మేస్త్రీ.”

“నీ పేరే సున్నితం. ఇంకెలా బిగిస్తావు?” అని నా వైపు తిరిగాడు. “ఏం భక్తుడూ, నువ్వు బ్రేకు మీద ఉన్నావుగా. వీడు బిగించటం చూశావా?”

చూశానని చెప్పటానికే నోరు తెరిచాను. అంతలో ఒక తికమక వచ్చి అడ్డం పడింది. చూశాను అంటే, మరి బేరింగు ఎందుకు పోయింది అని అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. బిగించిన బోల్టుకి బేరింగు పోకూడదు. పోయిందంటే బిగించలేదన్నమాట. మరి నేను చూసింది ఏమిటి?

“సరిగ్గా గమనించలేదు మేస్త్రీ,” అన్నాను.

సున్నితం నా వైపు ఒక్కసారి చూశాడు. చేతులు కడుక్కున్నాడు. నూనె మరకల చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా గేటు చప్పుడు కాలేదు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. వెనకే ఇల్లు. మేస్త్రీ నియమాన్ని అలాగే తెచ్చుకుని ఇక్కడ పెట్టాను. నాతో పనిచేసేది నా బావమరిది. నలభై రెండేళ్ళవాడు. మూడు చోట్ల పని మానేసి నా దగ్గరికి వచ్చాడు. పని చేతకాక కాదు, పరధ్యానం. ఒకసారి ఆయిలు మూత పెట్టకుండా ఇంజను నడిపి షెడ్డు గోడకి కొత్త రంగు వేశాడు. ఇంకోసారి తన చెప్పులు కస్టమరు కారులో మరిచిపోయి ఉత్త కాళ్ళతో ఇంటికి నడిచివచ్చాడు. ఆ రోజు నాకు కోపం ఆగక, “ఇంకొక్క తప్పు జరిగిందా, చేసినవాడు షెడ్డు వదిలి వెళ్ళాల్సిందే. దేవుడి మీద ఆన!” అనేశాను. నా భార్య వింటూనే ఉంది. ఆమె తమ్ముడతను. ఆ తర్వాత రెండు రోజులు నాకు కూరలో ఉప్పు వేయటం మరిచిపోయింది.

నెల తిరక్కుండా ఇళ్ళకు వెళ్ళి రోగులకు కట్లు కట్టే నర్సమ్మ తన కారు తెచ్చింది. పది రోజుల కిందటే బావమరిది దానికి షాఫ్టు మార్చాడు.

“ఏమండీ, మీరిచ్చింది కారా, పిండిమరా?” అంది దిగుతూనే. “నేను వీధి మలుపు తిరగకముందే పేషెంట్లు కట్టు విప్పుకుని కూర్చుంటున్నారు!”

నేను కారు నడిపి చూశాను. అదే గుయ్. పంతొమ్మిదేళ్ళ కిందటి గుయ్ వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నట్టుంది. రేపటికి బాగుచేసి ఇస్తానని ఆమెను రిక్షా ఎక్కించి పంపాను. తిరిగి వచ్చేసరికి బావమరిది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నేను బిగించాను బావా. లోపల కూర్చుని బ్రేకు తొక్కింది నువ్వే కదా. టిక్కుమంది. విన్నావా, లేదా?”

“విన్నాను.”

“తర్వాత అరచుట్టు లాగాను. చూశావా, లేదా?”

“చూశాను.”

“మరి?”

“మరి... ఏమోరా.”

“ఏమో అంటే ఎలా బావా? ఆన పెట్టింది నువ్వు. సాయంత్రానికల్లా చెప్పు. ఉండమంటావా, పొమ్మంటావా? పొమ్మంటే పోతాను. కానీ నాలుగో చోట అడిగితే, సొంత బావే గెంటేశాడట అంటారు. ఆ తర్వాత నాకు ఐదో చోటు ఉండదు.”

అతను బయటికి వెళ్ళి గోడ నీడన కూర్చున్నాడు. నేను షెడ్డు మధ్యలో నిలబడిపోయాను. దేవుడి మీద పెట్టిన ఆన తప్పకూడదు. కళ్ళారా చూసినదాన్ని చూడలేదనకూడదు. రెండూ దేవుడికి ఇష్టమైనవే. మరి ఆ రెండింటినీ ఎదురెదురుగా తెచ్చి నా నెత్తిన ఎందుకు పెట్టాడు? అడిగాను. ఎప్పటిలాగే ఆయన నన్నే చూస్తూ ఊరుకున్నాడు.

చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఇంకా తిరుగుతుందని బజారుకు వెళ్ళి కొత్త బేరింగు, కొత్త బోల్టు కొనుక్కొచ్చాను. ఈ బోల్టు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు. బేరింగు డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఎప్పుడూ దానితో చేతులు తుడుచుకుంటాం. ఆ రోజు ఎందుకో తెరిచాను. రాత చదివే ఓపిక నాకు లేదు, బొమ్మలు చూశాను. మొదటి బొమ్మలో కారు నేల మీద ఉంది, బోల్టు పక్కన చిన్న బాణం, కింద ఒప్పు గుర్తు. రెండో బొమ్మలో కూడా కారు నేల మీదే ఉంది, బోల్టు పక్కన పెద్ద బాణం, కింద అడ్డంగా ఎర్ర గీతలు.

అదే కారు, అదే నేల, అదే బోల్టు. ఒకచోట మంచిది, ఒకచోట చెడ్డది. కాగితం తిరగేసి చూశాను. తలకిందులుగా చూశాను. అచ్చు తప్పు పడిందేమో అనుకున్నాను.

ఇంట్లోకి తీసుకెళ్ళి నా భార్యకు ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి జరిగి, బియ్యంలో రాళ్ళు ఏరేంత నిదానంగా చదివింది.

“బండి నేల మీద ఉన్నప్పుడు ఈ బోల్టును పావుచుట్టు మాత్రమే వదులు చేయాలట. అంతకు మించి తిప్పాలంటే ముందు బండి లేపాలట.”

“ఎందుకట?”

“బేరింగు రెండు ముక్కల్ని కలిపి నొక్కి ఉంచేది ఈ బోల్టేనట. బోల్టు వదులుగా ఉన్నప్పుడు బండి బరువు చక్రం మీద పడితే బేరింగు లోపల నలిగిపోతుందట. పైకి కనపడదట. తర్వాత ఎంత బిగించినా లాభం లేదట.” కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. “వాడు పావుచుట్టు కంటే ఎక్కువ తిప్పాడా?”

“లేదు. పట్టు వదలగానే నేనే ఆపమన్నాను. బండి లేపాకే మిగతాది విప్పాడు.”

“బిగించేటప్పుడు?”

“గాల్లో ఉండగానే రెంచి టిక్కుమనేదాకా బిగించాడు. ఆ తర్వాతే దించాం.”

“ఈ మధ్యలో ఎక్కడా కింద పెట్టలేదు కదా?”

“ఎందుకు పెడతాం?” అన్నాను.

“భోజనానికి ఎప్పుడు వచ్చారు?”

“షాఫ్టు దూర్చి, బోల్టు చేత్తో తిప్పి... ఆకలేస్తోందంటే...”

“అప్పుడు బండి ఎక్కడుంది?”

“కిందే ఉంటుంది. మనిషి లేని చోట బండి గాల్లో ఎలా...”

ఆ మాట సగంలో ఆగిపోయింది. నా భార్య కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. మడత మీద మడత, చిన్నగా.

“ఎవరు దించారు?” అంది, తెలిసి కూడా.

బావమరిది చేతులు కడుక్కుంటుంటే చక్రం తగిలించి, జాకీ వదిలి, షట్టరుకు అడ్డం వస్తోందని బండిని జానెడు లోపలికి తోసింది నేను. భోజనం చేసి వచ్చి మళ్ళీ లేపిందీ నేనే. భద్రంగా ఉండాలని దించాను. ఇంకో మనిషి పాదం నలగకూడదని దించాను. నేనెప్పుడూ ఆ పని మరిచిపోలేదు, ఒక్క మధ్యాహ్నం కూడా. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం కూడా. అప్పుడూ షట్టరు పడటం లేదని బండిని జానెడు తోశాను. నా భుజానికి తగిలిన దాని బరువు ఇప్పుడు గుర్తుకొచ్చింది.

మంచం అంచున కూర్చున్నాను. నియమం తప్పినవాడికి శిక్ష పడుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. నియమం తప్పనివాడి వల్ల పక్కవాడికి శిక్ష పడితే అది ఎవరి లెక్కలోకి వెళ్తుందో ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ నియమం తప్పా? కాదు, పాదం నలిగిన మనిషిని నేను కళ్ళతో చూశాను. కాగితం తప్పా? కాదు, కారు గుయ్ మంటోంది. రెండూ ఒప్పే. మరి తప్పు ఎక్కడుంది?

“తప్పు ఎక్కడున్నా సరే,” అంది నా భార్య, “వాడు గోడ దగ్గర ఎండలో ఉన్నాడు. నీడ జరిగిపోయింది. వెళ్ళి చెప్పండి.”

వెళ్ళి చెప్పాను. బావమరిది మొత్తం విని, లేచి బట్టలు దులుపుకున్నాడు.

“అయితే మూడో తప్పు నీదన్నమాట.”

“నాదే.”

“చేసినవాడు షెడ్డు వదిలి వెళ్ళాలి. దేవుడి మీద ఆన.”

“అవును,” అన్నాను.

“ఎప్పుడు వెళ్తున్నావు బావా? నీ సామాన్లు సర్దటానికి సాయం చేస్తా.” నా మొహం చూసి పగలబడి నవ్వాడు. “చాల్లే, ఆ మొహం చూడలేకపోతున్నా. భోజనం మాత్రం ఇవాళ బయట తిను. దేవుడికి చెప్పు, వీడు ఒకపూట వెళ్ళొచ్చాడని.”

మర్నాడు ఇద్దరం నర్సమ్మ కారు మళ్ళీ మొదలుపెట్టాం. చేతి బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాం. చక్రం మధ్య మూత తీసి, గొట్టం తగిలించి, అతను తన వైపుకు లాగాడు. బలంగా తోస్తే పట్టు వదిలినప్పుడు మనిషి ముందుకు పడతాడు, అందుకని లాగటమే మంచిది. టక్కుమని పట్టు వదిలింది. పావుచుట్టు. “ఆపు!” అని నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద వెళ్తున్న సైకిలాయన కూడా ఆగాడు. బండి ముందు భాగం లేపి, రెండు ఇనుప స్టాండ్ల మీద పెట్టి, చేత్తో ఊపి చూశాం. కదల్లేదు. అప్పుడు చక్రం తీసి, బోల్టు పూర్తిగా విప్పాం.

పాత బేరింగు ఊడదీసేసరికే మధ్యాహ్నం దాటింది. ఇద్దరికీ ఆకలి. బండి గాల్లో ఉంది. దించటానికి లేదు, వదిలి వెళ్ళటానికి లేదు. బావమరిది నన్ను చూశాడు, నేను బండిని చూశాను.

“స్టాండ్లు పెట్టాం కదా బావా, అది ఎక్కడికీ పోదు.”

“పోదు. అయినా నియమం నియమమే.”

“అయితే నువ్వు ఉపవాసం ఉంటావా?”

నా భార్య రెండు డబ్బాల్లో భోజనం షెడ్డుకే తెచ్చింది. కారు పక్కన చెక్క పెట్టెల మీద కూర్చుని తిన్నాం. ఇంత సులువైన దారి ఉండగా నాకు ఇన్నేళ్ళు ఎందుకు తోచలేదో! బండి దించటం గురించే ఆలోచించాను గానీ, మనిషి అక్కడే ఉండొచ్చని ఒక్కసారి కూడా అనుకోలేదు.

కొత్త బేరింగు ఎక్కించి, కొత్త బోల్టు పెట్టి, నేను బ్రేకు తొక్కాను. రెంచి టిక్కుమంది. చక్రం తగిలించి, అప్పుడు దించాం. నేల మీద గొట్టం తగిలించి అరచుట్టు. సాయంత్రం నర్సమ్మ వీధి చివరిదాకా నడిపి వచ్చి, “ఇప్పుడు పేషెంట్లు నన్ను ఎలా కనిపెడతారు?” అని వెళ్ళిపోయింది.

బావమరిది పనిముట్లు సర్దుతున్నాడు. నేను చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాను.

“ఎక్కడికి బావా?”

“ఒకాయనకు ఒక మాట చెప్పాలి. చాలా ఆలస్యమైంది.”

సున్నితం ఎక్కడున్నాడో నాకు తెలియక కాదు. ఊరి అవతల బట్టల దుకాణాల వెనక సందులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆ సందు తప్పించుకోవటానికి నేను ఎన్నిసార్లు చుట్టు తిరిగి వెళ్ళానో నా బండికే తెలుసు.

గది చిన్నది. గోడ నిండా బెల్టులు, చిన్న చక్రాలు. బల్లదీపం కింద ఒక మిషను విప్పి ఉంది. అతని జుట్టు పూర్తిగా నెరిసింది గానీ వేళ్ళు అవే. మరమేకును ఒకసారి బిగించి, వేలితో తట్టి, మళ్ళీ ఒకసారి బిగించాడు. ఆ తర్వాత తలెత్తాడు.

“ఏం భక్తుడూ,” అన్నాడు. ఆశ్చర్యం లేదు, కోపం లేదు. అదే నన్ను ఇంకా తికమక పెట్టింది.

“నిన్నొక మాట అడగాలి... కాదు, చెప్పాలి.”

“కూర్చుని చెప్పు. ఆ స్టూలు ఊగుతుంది, గోడకు ఆనించుకో.”

కూర్చోలేదు. “ఆ రోజు నువ్వు బిగించావు. రెంచి టిక్కుమంది, నేను విన్నాను. అరచుట్టు లాగావు, నేను చూశాను. మేస్త్రీ అడిగితే గమనించలేదన్నాను. అబద్ధం చెప్పాను.”

అతను చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాలేదు.

“మరి బేరింగు ఎందుకు పోయింది?” అన్నాడు నెమ్మదిగా.

నేను భయపడిన ప్రశ్న అదే. ఈసారి నా దగ్గర జవాబు ఉంది. భోజనానికి ముందు నేను బండి దించటం, బోల్టు ఇంకా చేతి బిగువులోనే ఉండటం, జానెడు తోయటం, అన్నీ చెప్పాను. జేబులోంచి కాగితం తీసి బొమ్మలు చూపించాను. అతను దీపం కిందికి జరిపి చాలాసేపు చూశాడు.

“నేను వదులుగా బిగించాననే అనుకున్నాను,” అన్నాడు. “ఇన్నాళ్ళూ. నువ్వు చూడలేదన్నావు కదా, నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. అయితే నా చేతులే నన్ను మోసం చేశాయనుకున్నాను. అప్పటి నుంచీ ఏ మరమేకైనా రెండుసార్లు బిగిస్తాను. మా ఆవిడ తిడుతుంది, ఒక మిషనుకు రెండు మిషన్ల టైము పడుతోందని.”

క్షమించమని అడగాలా? అడిగితే, సరేననక ఏం చేస్తాడు పాపం? కాగితం మళ్ళీ మడిచాను.

అతను లేచి, వెనక గదిలోకి ఉన్న తెర పక్కకు జరిపి పిలిచాడు. “ఒకసారి ఇటు రా!”

నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఆవిడ, చేతిలో సగం కుట్టిన దిండు గలీబుతో బయటికి వచ్చింది.

“ఈయన ఎవరో తెలుసా? నేను చెప్పేవాణ్ణే, భక్తుడు.” అని నా వైపు తిరిగాడు. “ఇందాక చెప్పిందంతా మళ్ళీ చెప్పు. ఈమె వినాలి.”

నేను స్టూలు గోడకు ఆనించుకుని కూర్చుని, మొదటి నుంచి చెప్పాను.